సేవావృత్తిలో శిష్యరికము - నాయకత్వము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ గ్రంథాలయము రెండు బీరువాలతోను, నాలుగు బల్లలతోను ప్రారంభమైననాడు నేను పదునైదేండ్ల బాలికను. ఇరువదియైదు సంవత్సరములు గడచిన పిమ్మట దీని రజతోత్సవ వేదికపై నిలిచి మీ యెదుట మాటలాడు భాగ్యము నాకు కలుగునని యెన్నడును అనుకొనలేదు. నేను పండితురాలను గాను. ఉపన్యాసములిచ్చు అలవాటును నాకు లేదు. ఇంగ్లండు దేశమున ఒక వృద్ధుల సంరక్షణ గృహమున పని చేయుచు, ఆ పనిలోనే అప్రెంటిసుగా చేరి, నేడు ఆ గృహమునకు ఉపనిర్వాహకురాలనై యున్నాను. ఆ నేర్చుకొన్న విధమును గూర్చి చెప్పవలసినదని కార్యవర్గమువారు కోరిరి. కనుక నా అనుభవమునకు వచ్చినదానినే మీకు విన్నవించెదను.

శిష్యరికమన్నది మనకు కొత్త మాట కాదు. వడ్రంగి కొడుకు మొదటినాడే బాడిస పట్టడు. ముందు చెక్కపొట్టు ఊడ్చును, పనిముట్లు అందించును, తండ్రి చేయి ఎట్లు కదలుచున్నదో చూచును. నేతగాని యింట పిల్లలు ముందు కండెలు చుట్టుదురు. మగ్గము మీద కూర్చుండుట ఆ తరువాతి మాట. ఇంగ్లండులోను ఈ పద్ధతి ప్రాచీనమైనదే. 1563లో ఎలిజబెతు రాణి కాలమున వచ్చిన శాసనము, చేతిపనులు నేర్వగోరువాడు ఏడు సంవత్సరములు గురువు నొద్ద పని చేయవలెనని నిర్ణయించినది.

అయితే ముసలివారికి స్నానము చేయించుటకు, అన్నము తినిపించుటకు, పట్టుకొని నడిపించుటకు కూడ శిష్యరికము కావలయునా? ఇంటి ఆడువారు సహజముగా చేయు పనియే గదా యని మీలో కొందరు తలచవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని. మా నాయనమ్మ మూడేండ్లు మంచము పట్టి యుండగా మా అమ్మ చేసిన సేవను చూచినదానను. అందు నేర్చుకొనదగిన విద్య యొకటి కలదని నాకు తోచలేదు. ఆ తలంపు తప్పని తెలిసికొనుటకు నాకు సముద్రములు దాటవలసి వచ్చినది.

ముందుగా ఆ దేశపు ఏర్పాటును కొంచెము చెప్పవలెను. వయోజన సాంఘిక సంరక్షణ మనగా, పదునెనిమిదేండ్లు నిండినవారిలో వార్ధక్యము చేతనో, అంగవైకల్యము చేతనో, మతిమరుపు వ్యాధి చేతనో, మనోవ్యాధి చేతనో తమ పనులు తాము చేసికొనలేనివారికి తోడ్పడుట. ఇది ఆసుపత్రి వైద్యము గాదు. లేచుట, స్నానము, దుస్తులు, భోజనము, నడక, నలుగురితో మాట - ఇట్టి నిత్యజీవితపు పనులందు సహాయము. కొందరికిది వారి యింటనే జరుగును. కొందరికి సంరక్షణ గృహములలో జరుగును.

ఆ దేశమును తొలినుండి ఈ విషయమున ఆదర్శముగ ఉన్నదని అనుకొనరాదు. 1601 నాటి దరిద్ర చట్టము నిరాధారుల భారమును ఒక్కొక్క పారిషుపై, అనగా ఒక్కొక్క చర్చి పరిధిలోని జనముపై, ఉంచినది. 1834 తరువాత అనేకులు ‘వర్క్‌హౌసు’లను కఠినమైన శాలలలో చేరవలసి వచ్చెను. అచ్చట మగవారినొకచోట, ఆడువారినొకచోట ఉంచెడివారు. కలిసి ముసలివారైన దంపతులు సైతము వేరుపడిన సందర్భములు కలవు. 1948లో జాతీయ సహాయ చట్టము వచ్చి ఆ పాత పద్ధతిని అంతమొందించినది. 2014 నాటి సంరక్షణ చట్టము, సహాయము పొందువాని క్షేమమే ప్రధానమని చెప్పినది. మరుసటి సంవత్సరమున, కొత్తగా ఈ వృత్తిలో చేరినవారు నేర్వదగిన కనీస పాఠములను పదునైదు ప్రమాణములుగా కూర్చి ‘కేర్ సర్టిఫికెటు’ అను పేర ప్రవేశపెట్టిరి. ముసలివారిని ఎట్లు ముట్టుకొనవలెనో, ఎట్లు పలుకరింపవలెనో కూడ నేర్పదగిన విద్యయే యని ఒక సమాజము గ్రహించుటకు ఇంతకాలము పట్టినది.

ఈ వృత్తిలో అప్రెంటిసులకు మెట్లు కలవు. రెండవ స్థాయి సాధారణ సంరక్షకునిది. మూడవది తోటివారికి దారి చూపు అగ్రసంరక్షకునిది. నాలుగవది ప్రత్యేక నైపుణ్యము గల అనుభవజ్ఞునిది. అయిదవది ఒక గృహమునో, ఒక సేవాశాఖనో నడుపు నాయకునిది. నేను 2009లో భర్తతో ఆ దేశమునకు వెళ్ళితిని. 2011లో ఒక సంరక్షణ గృహమున సహాయకురాలిగ చేరితిని. 2017లో మూడవ స్థాయిని, 2021లో అయిదవ స్థాయిని ప్రారంభించి, 2023లో ముగించితిని. అప్పటికి నాకు ముప్పది యెనిమిదేండ్లు. ఈ శిష్యరికమునకు పైవయస్సు పరిమితి లేదు.

శిక్షణకగు వ్యయమును నేర్చుకొనువాడు చెల్లింపనక్కరలేదు. ఏటికి ముప్పది లక్షల పౌనులకు మించి జీతములిచ్చు యజమానుల నుండి 2017 ఏప్రిలు మొదలు నూటికి అర పౌను చొప్పున పన్ను తీసికొని, ఆ ధనమును ఇందుకు వినియోగించుచున్నారు. శిష్యుడు జీతము పుచ్చుకొనుచునే నేర్చును. నేను చేరిన కాలమున పనిగంటలలో అయిదవవంతు చదువునకు, శిక్షణకు కేటాయింపవలెనను నియమ ముండెను. చివర పరీక్షకుడు బయటినుండి వచ్చును. నేను తోటివారిని ఎట్లు నడుపుచున్నానో అతడు కన్నులార చూచెను. పిమ్మట నేను చేసిన నిర్ణయములను గూర్చి చాలసేపు ప్రశ్నించెను. కంఠస్థము చేసిన పాఠము అచ్చట పనికిరాదు. ‘ఆనాడు నీవు అట్లేల చేసితివి?’ అన్న ప్రశ్నకు సమాధానము చెప్పగలుగుటయే ఆ పరీక్ష.

ఇక నాయకత్వము మాట. ఆ దేశమున సంరక్షణ గృహములను తనిఖీ చేయుటకు ‘కేర్ క్వాలిటీ కమిషన్’ అను సంస్థ 2009 ఏప్రిలు నుండి పని చేయుచున్నది. వారు ప్రతి గృహమును గూర్చి అయిదు ప్రశ్నలు వేయుదురు. ఇచ్చట జనులు సురక్షితముగ ఉన్నారా? సేవ ఫలవంతముగ ఉన్నదా? ఆదరముతో చేయుచున్నారా? ఒక్కొక్కరి అవసరమునకు తగినట్లు చేయుచున్నారా? అయిదవది - నాయకత్వము చక్కగ ఉన్నదా? నాయకుడు సరిలేని యింట తక్కిన నాలుగును ఎంతోకాలము నిలువవని అనుభవము చెప్పుచున్నది. ఆ నాయకత్వమును నాకు నేర్పిన మూడు సంఘటనలను మీకు చెప్పెదను. మూడింటిలోను తప్పు నాదే.

మొదటిది వంతుల పట్టిక. గృహమున రాత్రింబవళ్ళు ఎవరో యొకరు మేలుకొని యుండవలెను. ఎవరు ఏ పూట రావలెనో వ్రాయు పట్టికను మా నిర్వాహకురాలు నాకు అప్పగించెను. ఆమె అరువదేండ్ల వయస్సు గల ఆంగ్ల స్త్రీ. నా శిష్యరికమునకు ఆమెయే గురువు. నేను నాలుగు వారముల పట్టికను ఒక్క పూటలో ముగించి, ఎవరును గొణగకుండ చేసితినని గర్వముతో ఆమె ముందుంచితిని. ఆమె కొంతసేపు చూచి, “ఇందులో ఆదివారపు రాత్రులన్నియు కాదనలేనివారికే పడినవి, గమనించితివా?” అని అడిగెను. నిజమే. గట్టిగ మాటలాడువారికి మంచి పూటలు, కొత్తగ వచ్చి భాష సరిగా రాని ఒక పిల్లకు, ఇంట దిక్కులేని మరొకామెకు కష్టమైన పూటలు వచ్చినవి. ఎవరును గొణగకపోవుట న్యాయమునకు గుర్తు కాదనియు, అది భయమునకు గుర్తు కావచ్చుననియు నాకు ఆనాడు తెలిసినది. ఆమె పట్టికను తాను దిద్దలేదు. “మరల వ్రాసి తెమ్ము” అని నా చేతికే ఇచ్చెను. తప్పును చూపి, దిద్దు పనిని మాత్రము శిష్యునికే విడిచిపెట్టుట - శిష్యరికమందలి రహస్యమంతయు ఇందే యున్నదని నా నమ్మకము.

రెండవది ఒక వృద్ధుని కథ. ఎనుబది దాటినవాడు, చేతికర్ర సాయమున నడచువాడు. ప్రతి సాయంకాలమును ఒంటరిగ తోట చివరనున్న గేటుదాక పోయి వచ్చుట ఆయనకు ప్రాణము. ఒకనాడు కాలు జారి పడెను. పెద్ద దెబ్బ తగులలేదు గాని నాకు భయము పుట్టినది. ఇక ఆయనను ఒంటరిగ తోటలోనికి పోనీయరాదని అందరికి ఆజ్ఞ ఇచ్చితిని. ఆయన రెండు దినములు కిటికీ యొద్ద కూర్చుండెను. మూడవనాడు భోజనము వలదనెను. అప్పుడు గురువు నన్ను పిలిచి, “ఈ నిర్ణయమునకు ముందు ఆయనను అడిగితివా?” అనెను. “ఆయన క్షేమము కొరకే గదా!” అంటిని. “క్షేమము ఆయనది, నిర్ణయము నీదియా?” అని ఆమె ప్రశ్న.

ఆ దేశమున 2005లో మానసిక సామర్థ్య చట్టమొకటి వచ్చినది. ఒక మనుష్యునికి నిర్ణయము చేసికొను శక్తి లేదని నిరూపణ అగువరకు, ఆ శక్తి కలదనియే భావింపవలెనని అది చెప్పును. ఇతరులకు తెలివితక్కువగ తోచు నిర్ణయము చేసినంత మాత్రమున ఆ మనుష్యునికి శక్తి లేదనరాదని కూడ చెప్పును. నేను ఆ చట్టమును చదివియుంటిని. ప్రశ్నలకు జవాబులును వ్రాసియుంటిని. అయినను ఆచరణలోనికి వచ్చునప్పటికి నా భయమే నాకు చట్టమైనది. చదువునకు, పనికి నడుమ నున్న దూరము అంతటిది.

మేము ఆయనతో కూర్చుండి మాటలాడితిమి. జారని అడుగు గల చెప్పులు, దారి నడుమ ఒక బల్ల, జేబులో ఒక మ్రోగించు గంట - ఇవి ఆయనయే ఒప్పుకొన్న ఏర్పాట్లు. మరల నడువసాగెను. కొన్ని నెలల తరువాత మరల పడెను. మోచేయి కమిలినది. ఆయన కుమార్తె వచ్చి నా మీద మండిపడెను. ఆమె కోపము న్యాయమైనదే. నేను తల వంచుకొని వినవలసినది విని, మేము కలిసి చేసిన ఏర్పాటును, దాని కారణమును, ఆయన కోరికను దాచకుండ వివరించితిని. ఆయన మాత్రము కట్టు కట్టిన చేతితోనే, “రేపు వాన లేకున్న మరల పోయెదను” అనెను. నిర్ణయము సుఖాంతమైనప్పుడు దానికి కర్త యగుట సులభము. చెడినప్పుడు కూడ ‘అది నేను చేసినదే’ అని నిలువబడుటను ఏ పుస్తకము నేర్పును?

మూడవది మందుల విషయము. ఒక సాయంకాలము ఒక ముసలామెకు ఈయవలసిన మాత్రను నేను మరచితిని. పని అప్పగించునప్పుడు అన్నియు సరిగనే జరిగినవని సంతకము చేసితిని. ఇంటికి పోయి పండుకొన్న తరువాత జ్ఞాపకము వచ్చెను. ఎవరును చూడలేదు. ఒక్క మాత్రకు ఏమి మునిగిపోవును? మరునాడు మౌనముగ ఉన్నచో ఎవరికిని తెలియదు. ఆ రాత్రి నేను పడిన తర్జనభర్జన చెప్పనలవి గాదు. చివరకు ఫోను చేసి చెప్పితిని. వైద్యుని సలహా తీసికొనిరి. ఆమెకు హాని జరుగలేదు. మరునాడు నేనే ఆమెకును, ఆమె కుమారునికిని జరిగినది చెప్పి క్షమాపణ కోరితిని. సేవలో గొప్ప హాని జరిగినచో ఉన్నదున్నట్లు చెప్పి క్షమాపణ కోరుట ఆ దేశమున చట్టరీత్యా విధి. చిన్నతప్పుల యందు ఆ అలవాటు లేనివానికి పెద్దతప్పునాడు అది హఠాత్తుగ రాదు. నా తరువాత ఇద్దరు సహాయకులు తమంతట తాము వచ్చి తమ పొరపాట్లను నాకు చెప్పిరి. నేను దాచియుంటినేని వారును దాచియుందురు. నాయకుని మాటకంటె నాయకుని నడవడి వేగముగ ప్రాకును.

ఈ విధానమున లోపములు లేవని చెప్పను. మనుష్యులు చాలనినాడు చదువునకిచ్చిన గంటలను పని మ్రింగివేయును. ఎన్నో రాత్రులు పని ముగించి వచ్చి, నిద్ర కన్నులతో వ్రాతపని చేసితిని. సేవకు తగిన జీతము లేక పలువురు ఈ వృత్తిని విడుచుచున్నారు. 2020లో కోవిడు వచ్చినప్పుడు బంధువులు లోనికి రాకూడని దినములలో, కొడుకుల గొంతును ముసలివారి చెవి దగ్గర ఫోనులో వినిపించినవారు ఈ చిన్న జీతపువారే. పొగడ్తలు చాల వచ్చినవి. జీతములు ఆ మేరకు పెరుగలేదు. మరియు యోగ్యతాపత్రము చేతికి వచ్చినంతనే ఎవడును నాయకుడు కాడు. పత్రమున్నను పట్టికలో బలహీనులకే భారము వేయువారిని నేనెరుగుదును.

యువకులకు ఒక హెచ్చరిక కూడ చేయవలసి యున్నది. 2022 ఫిబ్రవరిలో బ్రిటను ప్రభుత్వము సంరక్షకుల కొరకు వీసాలిచ్చుట ప్రారంభించినప్పుడు మన దేశమునుండి ఎందరో వెళ్ళిరి. వారిలో తెలుగువారును కలరు. కొందరు దళారులకు లక్షలు పోసి, తీరా పోయిన తరువాత పని లేక కష్టముల పాలైరి. 2025 జూలైలో విదేశములనుండి కొత్తగా సంరక్షకులను తెచ్చుకొను ఆ మార్గమును మూసివేసిరి. నేను చెప్పిన అప్రెంటిసు పథకము అక్కడ ఇదివరకే చట్టబద్ధముగ నివసించువారి కొరకు ఏర్పడినదే గాని, ఇక్కడినుండి పోవుటకు ద్వారము గాదు. ఈ పేరు చెప్పి ఎవరైన ధనమడిగినచో నమ్మవలదు.

మరి ఈ కథయంతయు మన గ్రామమున ఏల చెప్పవలెను? నా మనస్సులోని మాటను ఇప్పుడు చెప్పెదను.

మా అమ్మ నేడు డెబ్బది దాటి ఈ గ్రామముననే ఒంటరిగ ఉన్నది. నేను అక్కడ, తమ్ముడు బెంగుళూరున. ఆమెకు మోకాళ్ళు పట్టు తప్పినవి. ప్రొద్దుటను, సాయంకాలమును పొరుగింటి అమ్మాయి వచ్చి నీళ్ళు తోడి, స్నానము చేయించి, వంట చేసి పోవుచున్నది. ఆ పిల్ల ఓర్పు గొప్పది. అయితే మొన్న నేను వచ్చిన మరునాడు ఆ పిల్ల అమ్మను రెండు చేతులు పట్టి గుంజి లేపుచుండగా చూచితిని. అట్లు గుంజినచో ముసలివారి భుజము కీలు జారవచ్చును. లేపువారి నడుమును పట్టివేయును. ముందు కుర్చీ అంచునకు జరిపి, పాదములు నేలపై ఆనించి, ముందుకు వంగమని చెప్పి, ఆమె బలముతోనే ఆమెను లేవనీయవలెను. ఇది నేను మొదటి వారమున నేర్చిన పాఠము. ఆ పిల్లకు ఎవరు నేర్పిరి? ఎవరును నేర్పలేదు. పరదేశమున పరుల తల్లులకు సేవ చేయుటకు నాకు గురువులు, పాఠములు, జీతము, పరీక్షలు లభించినవి. నా తల్లికి సేవ చేయు పిల్లకు వీనిలో ఒక్కటియు లేదు. ఆమెను ‘పనిపిల్ల’ అనుచున్నాము. ఆ మాట నాకు సిగ్గును కలిగించినది.

మన దేశమున చట్టములు లేకపోలేదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. బిడ్డలు చూడకున్న తల్లిదండ్రులు ట్రిబ్యునలు నాశ్రయించి మనోవర్తి కోరవచ్చును. చట్టము బిడ్డలచేత రూకలిప్పింపగలదు గాని మంచము మీదివానిని ప్రక్కకు ఎట్లు త్రిప్పవలెనో నేర్పజాలదు. 1961 నాటి అప్రెంటిసు చట్టమును మనకు కలదు. మనము ఆ మాట విన్నప్పుడు కర్మాగారమును, యంత్రమును తలచెదము గాని, ముసలివాని మంచము ప్రక్కను నిలిచిన పిల్లను తలపము.

మా నాయనమ్మకు సేవ చేసిన మూడేండ్లలో మా అమ్మ ఎన్నియో నిర్ణయములు చేసినది. ఎప్పుడు వైద్యుని పిలువవలెను, ఎవరిని లోనికి రానీయవలెను, ఏ కోరికను తీర్పవలెను - అన్నియు ఆమెయే. ఆమెను ఎవరును నాయకురాలనలేదు, కోడలి ధర్మమనిరి. ఒక్క దినమైనను ఆమెకు విశ్రాంతినిచ్చు వంతుల పట్టికను ఎవరును వ్రాయలేదు. నా మొదటి పట్టిక వలెనే, మన సమాజపు పట్టికయందును కాదనలేనివారి పేర్లే కనబడుచున్నవి.

కనుక ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న విన్నపము. గ్రంథాలయమన్నది పుస్తకముల కొట్టు మాత్రమే కాదనుట మన పెద్దలు నేర్పిన పాఠము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పుటకు పాటుపడిన అయ్యంకి వెంకటరమణయ్యగారు, వయోజన విద్యకై శ్రమించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును జనజీవితముతో ముడివేసిరి. ఆ దారిలోనే మనము ఒక అడుగు వేయవచ్చును.

గ్రామమున ఒంటరిగ నున్న వృద్ధుల పేర్లు వారి సమ్మతితో వ్రాసికొందము. నలుగురు యువతీయువకులను ఎంచుకొందము. ఆడపిల్లలనే గాక మగపిల్లలను కూడ. ఒక్కొక్కరికి ఒక అనుభవజ్ఞుని జతపరుతము. పదవీవిరమణ చేసిన నర్సులు, ఆశా కార్యకర్తలు, ఇంట రోగులను చూచిన గృహిణులు మన మధ్యనే కలరు. మొదటి నెల శిష్యుడు ప్రక్కన కూర్చుండి విని చూచుట మాత్రమే చేయవలెను. తరువాత ఒక్కొక్క పనియే. ముట్టుకొనుటకు ముందు తానెవరో, ఏమి చేయబోవుచున్నాడో చెప్పుట. కదలలేనివారిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలజేసి పుండ్లు పడకుండ చూచుట. పండుకొనబెట్టి కాక కూర్చుండబెట్టి తినిపించుట, తిన్న తరువాత అరగంట వరకు పండుకొననీయకుండుట. ఏ మందు ఏ వేళ ఇచ్చినది పుస్తకమున వ్రాయుట. ఇవి ధనము లేకయే నేర్పదగిన విద్యలు.

నెలకొకమారు ఈ బల్లల చుట్టును కూర్చుండి, ‘ఆనాడు అట్లేల చేసితివి?’ అని ఒకరినొకరు అడిగికొందము. ఆ సమావేశమునకు ఒక వృద్ధునో వృద్ధురాలినో తప్పక పిలుతము. వారిని గూర్చి వారు లేనిచోట నిర్ణయింపరాదు గదా! నేర్చుకొను పిల్లలకు చేతనైనంత భృతి నిత్తము. సేవయను పేరు పెట్టి పేదపిల్లల శ్రమను ఉచితముగ పుచ్చుకొనుట పుణ్యము కానేరదు. మొదటి సంవత్సరపు భృతికి నా వంతు నేనిచ్చెదనని ఈ సభాముఖమున మాట ఇచ్చుచున్నాను. నేనిచ్చట నుండు మూడు వారములును ప్రతి సాయంకాలమును నేర్పుటకు సిద్ధముగ నున్నాను. మొదటి శిష్యురాలుగ మా పొరుగింటి అమ్మాయి రాదలచినది.

చివరగా ఒక చిన్న జ్ఞాపకము. ఈ గ్రంథాలయము ప్రారంభమైన మొదటి సంవత్సరమున, ఇచ్చటి గ్రంథపాలకులు ఒకనాడు పొరుగూరికి పోవుచు, బీరువాల తాళపుచెవులను, పుస్తకములిచ్చు రిజిస్టరును నా చేతిలో పెట్టి, “ఈ పూటకు నీవు చూడుమమ్మా” అనిరి. నేను వణకుచు కూర్చుంటిని. ఆ సాయంకాలము ఒక పుస్తకమును పేరు వ్రాయకుండ ఇచ్చితిని. అది తిరిగి రాలేదు. మరునాడు వారు కోపపడలేదు. “ఎవరికిచ్చితివో జ్ఞాపకము చేసికొని నీవే పోయి అడుగుము” అనిరి. మూడిండ్లు తిరిగి ఆ పుస్తకమును తెచ్చితిని. తరువాతి వారము తాళపుచెవులను మరల నా చేతికే ఇచ్చిరి. ఎన్నో ఏండ్లకు ఆంగ్లదేశమున ఒక గురువు నా పట్టికను నాకే తిరిగి ఇచ్చినప్పుడు, నాకు ఈ తాళపుచెవులు జ్ఞాపకము వచ్చినవి. నా శిష్యరికము ఆ దేశమున ప్రారంభము కాలేదు. ఇచ్చటనే ఈ బల్ల యొద్దనే ప్రారంభమైనది.

మన పిల్లలను నమ్మి తాళపుచెవులిత్తము. తప్పు చేసినచో లాగికొనక, దిద్దుకొని రమ్మందము. అట్లు చేసిన గ్రామమునకు ముసలితనమున దిక్కు లేకపోదు.

గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచునుగాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను. నమస్కారము.